మెదడు పాఠము – చౌటుప్పల్ నీరు

హైదరాబాదునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారిమీద సుమారు 50 కిలోమీటర్ల దూరమున చౌటుప్పల్ ఉన్నది. ఇది పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఇంటింటికి నదీజలము నందించుటకు తలపెట్టిన మిషన్ భగీరథ పథకపు పైలానును 2015 జూన్ 8వ తేదీన ఇచ్చటనే ఆవిష్కరించినారు. అందుకు ఈ ప్రాంతమునకు కావలసినంత అర్హత ఉన్నది. ఇచ్చటినుండి మునుగోడు, మర్రిగూడ వైపు సాగిన గ్రానైటు నేలలలో బోరుబావి నీటితో పాటు ఫ్లోరైడు కూడ పైకి వచ్చును. పండ్లమీద గోధుమరంగు చారలు, వంగిన వెన్ను, చాచరాని మోకాళ్లు ఆ నీరు వ్రాసిపెట్టిన గుర్తులు. ఇవి కంటికి కనబడునవి. కంటికి కనబడని ప్రశ్న ఇంకొకటి ఉన్నది: ఈ నీరు పిల్లల తెలివిని కూడ తగ్గించునా?

ఇంటర్మీడియట్ చదువుచున్న విద్యార్థి ఎవడైనను ఈ ప్రశ్న వేసినచో ఏ అధ్యాపకుని వద్దకు పోవలెను? రసాయనశాస్త్రము చెప్పువారు ఫ్లోరైడు అయాను గూర్చి చెప్పగలరు. జంతుశాస్త్రము చెప్పువారు ఎముకలను, వెన్నుపామును, మెదడును చూపగలరు. ఇరువది మంది పిల్లలను పరీక్షించి వచ్చిన అంకెలలో ఎంత నిజము, ఎంత కాకతాళీయము అని తేల్చు లెక్క వేరొక గ్రూపువారి పుస్తకములో ఉండును. ఇక తెలివి అనగా ఏమి, దానిని కొలుచుటెట్లు అను విషయము మనస్తత్వశాస్త్రమునకు చెందినది. అది చాలా కళాశాలలలో అసలు లేనే లేదు. ఉన్నచోట సాధారణముగా బి.ఏ. విద్యార్థులకు పరిమితము. ప్రశ్న ఒక్కటే, తలుపులు నాలుగు. ఏ తలుపు తట్టినను "మిగిలినది పక్కగదిలో అడుగుము" అను సమాధానమే వచ్చును.

ఈ నాలుగు తలుపులను ఒకే గదిలోనికి తెరచు ప్రయత్నమునకు కొన్ని దేశములలో మెదడు–సంజ్ఞాన శాస్త్రములని పేరు. సంజ్ఞానమనగా చూచుట, గుర్తించుట, జ్ఞాపకముంచుకొనుట, మాటాడుట, నిర్ణయించుట మొదలగు పనుల మొత్తము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో 1964లో హన్స్ లూకాస్ టాయిబర్ నెలకొల్పిన మనస్తత్వశాస్త్ర విభాగము 1986లో ఈ కొత్త పేరును ధరించినది. అచట పట్టభద్ర విద్యార్థి మొదటినుండియు నాడీకణమును, కంప్యూటరు గణనమును, మనుష్యుల ప్రవర్తనపై ప్రయోగములను కలిపి చదువును. పేరు మార్చుట గొప్ప కాదు. పరీక్షనాళిక పట్టుకొనువాడును, ప్రశ్నపత్రము పట్టుకొనువాడును ఒకే విద్యార్థి కావలెనని నిశ్చయించుట గొప్ప.

ఈ దృష్టితో మన పాఠమును చూడవలసి ఉన్నది. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు జంతుశాస్త్రములో నాడీ నియంత్రణ, సమన్వయము అను పాఠము కలదు. దానిలో తప్పులు వెదకుట సరియైన విమర్శ కాదు. విషయము శుద్ధముగా ఉన్నది. పరిభాష కూడ చాలావరకు శ్రద్ధతో కూర్చినదే. మెదడును కప్పు మూడు పొరలకు వరాశిక, లౌతికళ, మృద్వి అని పేర్లు. లూత అనగా సాలెపురుగు. సాలెగూడువలె ఉండు పొర గనుక లౌతికళ. అంత అందమైన మాటను పిల్లవాడు అర్థము తెలియకయే వల్లించును. ఈ ఒక్క వాక్యము తరగతిలో చెప్పినచో ఆ పొరను అతడు జన్మలో మరువడు. 12 జతల కపాలనాడులు, 31 జతల వెన్నునాడులు, విరామ శక్మము, క్రియా శక్మము, పర్యంకము, అధోపర్యంకము, అన్నియు ఉన్నవి. లోపము ఉన్నవానిలో లేదు. ఫలానా భాగము ఫలానా పని చేయును అని పాఠము చెప్పుచున్నది. ఆ సంగతి ఎవరికి, ఎట్లు తెలిసినదో చెప్పుటలేదు.

చెప్పదగిన కథలు లేక కాదు. 1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా అను శస్త్రవైద్యుడు, ఏది అడిగినను "టాన్" అను ఒక్క శబ్దమే పలుకగల లెబోర్న్యు అను రోగిని చూచెను. అతడు ఇతరుల మాటలను చాలావరకు గ్రహించుచుండెను. అతడు మరణించిన పిదప మెదడును పరీక్షింపగా ఎడమవైపు ముందుభాగమున దెబ్బతిన్న చోటు కనబడెను. మాటను పలుకుటకు, మెదడులోని ఒక స్థానమునకు గల సంబంధము అట్లు బయటపడినది. 1953లో హెన్రీ మోలైసన్ అను యువకునకు మూర్ఛవ్యాధి తగ్గించుటకై మెదడు రెండు ప్రక్కల లోపలి భాగములను తొలగించినారు. మూర్ఛలు తగ్గినవి, కాని ఆ తరువాత జరిగిన ఏ సంగతియు అతనికి నిలువలేదు. బ్రెండా మిల్నర్ అను శాస్త్రజ్ఞురాలు అతనికి అద్దములో చూచుచు నక్షత్రపు గీతను దిద్దు పని ఇచ్చినది. దినదినమునకు అతని చేయి నేర్పు సంపాదించినది. ఆ పని తాను ఇదివరకు చేసినట్లు మాత్రము అతడెరుగడు! చేతికి కలుగు జ్ఞాపకము వేరు, సంగతులను గూర్చిన జ్ఞాపకము వేరు అని తెలిసినది ఇట్లే. దీనికి కావలసిన పరికరము ఒక అద్దము, ఒక పెన్సిలు, ఒక కాగితము. ఏ ఉన్నత పాఠశాలలోనైనను అరగంటలో చేయింపవచ్చును. పిల్లలు పదిసార్లు దిద్ది, ప్రతిసారికి పట్టిన కాలమును గ్రాఫు గీచినచో నేర్చుకొనుట అనునది కంటియెదుట వంగిన గీతగా కనబడును.

ఈ దిశగా ఉన్న కొద్ది దారి కూడ ఇటీవల మూతపడినది. 2022లో జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పాఠ్యభారమును తగ్గించుచు, 11వ తరగతి జీవశాస్త్రములోని నాడీవ్యవస్థ పాఠమునుండి ప్రతిచర్యను, కన్ను చెవుల ద్వారా గ్రహణమును గూర్చిన భాగములను తీసివేసినది. భారము తగ్గింపవలసిన మాట వాస్తవమే. కాని లోకము మెదడులోనికి ప్రవేశించు ద్వారములు, మెదడునుండి చేష్ట వెలువడు అతిసులభమైన మార్గము, ఈ రెండింటిని తీసివేసి, నిర్మాణవర్ణనమును నిలుపుట వంతెనను కూల్చి రెండు గట్లను భద్రపరచినట్లున్నది.

వంతెన ఎంత చిన్నదో చూడుడు. ఒక విద్యార్థి స్కేలును నిలువుగా పట్టుకొని హఠాత్తుగా విడువగా, వేరొకడు క్రింద బొటనవ్రేలు, చూపుడువ్రేలు తెరచియుంచి దానిని పట్టుకొనును. 20 సెంటీమీటర్లు జారిన తరువాత పట్టుకొన్నచో, స్వేచ్ఛాపతన సూత్రము ననుసరించి పట్టిన కాలము సుమారు 0.2 సెకను. ఈ ఆటను ఉపాధ్యాయు లెరుగుదురు. ఆ కాలమంతయు ఎచ్చట గడచినది అను ప్రశ్న మాత్రము అరుదుగా పుట్టును. 1850లో హెల్మ్‌హోల్ట్జ్ కప్ప నాడిలో వార్త సెకనుకు ఇంచుమించు 30 మీటర్ల వేగముతోనే పోవుచున్నదని కొలిచెను. మనస్సు క్షణములో పనిచేయునను నమ్మకము అచటితో పోయినది. 1868లో హాలెండు శాస్త్రజ్ఞుడు డాండర్స్ ఇంకొక అడుగు వేసెను. ఏ పాదమునకు సంకేతము తగిలినదో ఎంచి ఆ వైపు చేతితోనే బదులు చెప్పవలెననగా, ముందే తెలిసియున్నప్పటికంటె సెకనులో సుమారు 15వ వంతు ఎక్కువ కాలము పట్టెను. ఆ ఎక్కువైనదే ఎంచుకొనుటకు పట్టిన కాలము! స్కేలు ఆటలో రెండు స్కేళ్లు పెట్టి, ఏది జారునో చెప్పకుండ విడిచినచో చౌటుప్పల్ విద్యార్థియు ఈ తేడాను స్వయముగా చూడగలడు. భౌతికశాస్త్రపు సూత్రముతో మనస్సులోని పనిని కొలుచుట యనగా ఇదియే. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. రెండు పాఠములను ఒక గంటలో చెప్పుటకు అనుమతి కావలెను.

అట్టి బోధన లేనిచోట ఏమి పెరుగునో కూడ చెప్పవలెను. కొన్ని ఏండ్ల క్రితము పట్టణములలో మధ్యమెదడును మేల్కొలిపెదమని, కళ్లకు గంతలు కట్టి పిల్లలచేత పుస్తకములు చదివించెదమని తరగతులు వెలసినవి. తల్లిదండ్రులు వేల రూపాయలు చెల్లించినారు. మధ్యమెదడు అను మాట పాఠములో ఉన్నది. దానిని వల్లించిన విద్యార్థులు ఆ ఇండ్లలోను ఉన్నారు. పుస్తకమును పిల్లవాని ముక్కుక్రింది సందునుండి కనబడని ఎత్తున పట్టుకొని చదువుమనుట చాలును, మహిమ ఆగిపోవును. పేరు తెలిసియు పరీక్షించు పద్ధతి తెలియకపోవుటవలన కలుగు నష్టము డబ్బుతో పోవునది గనుక ఇది చిన్న ఉదాహరణము.

పెద్ద ఉదాహరణము నీటిదే. దక్షిణ భారతమున ఫ్లోరోసిస్‌ను తొలుత వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి అను వారు ఆ వ్యాసమును ప్రకటించినారు. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి ఏ. హెచ్. సిద్దీఖీ 1955లో బ్రిటిష్ వైద్య పత్రికలో వ్రాసినారు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తేర్చు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970 దశకమున రూపొందించగా దానికి నల్లగొండ పద్ధతి యనియే ప్రపంచమంతట పేరు స్థిరపడినది. హైదరాబాదు నాడీ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ నాడీవ్యవస్థను దెబ్బతీయు విధమును చిరకాలము పరిశీలించినారు. వెన్నుపూసలు మందమై, స్నాయువులు సున్నముబట్టి, నాళము ఇరుకై, వెన్నుపామును, నాడీమూలములను నొక్కును; కాళ్లు బిగియును, నడక పోవును. ఇది వెన్నుపాము సంగతి. ఎముక నొక్కుటవలన కలిగినది. ఆలోచించు మెదడు సంగతి ఇందులో తేలలేదు. ఫ్లోరైడు నరములను దెబ్బతీయును గనుక తెలివిని కూడ తీసివేయును అని చెప్పువారు ఈ రెండింటిని ఒకటిగా కలుపుచున్నారు.

తెలివిని గూర్చిన పరిశీలనలు వేరుగా జరిగినవి. 2012లో 27 పరిశీలనలను కూర్చి చూచిన ఒక సమీక్షలో 25 చైనావి, 2 ఇరానువి. ఫ్లోరైడు ఎక్కువగల ఊళ్ల పిల్లల సగటు, తక్కువగల ఊళ్ల పిల్లల సగటుకంటె 0.45 ప్రమాణ విచలనము తక్కువ, అనగా ప్రజ్ఞాలబ్ధిలో ఇంచుమించు 7 అంకెలు. 2015లో న్యూజీలాండునుండి వచ్చిన పరిశీలన, 1970 దశకమున పుట్టినవారిని 38 ఏండ్ల వయస్సువరకు వెంబడించి, పండ్ల రక్షణకై నీటిలో కలుపు స్వల్ప ఫ్లోరైడువలన ఏ తేడాయు లేదని చెప్పినది. 2024 ఆగస్టులో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమము, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడునకు, పిల్లల ప్రజ్ఞాలబ్ధి తగ్గుటకు సంబంధమున్నదని ఒక మోస్తరు నిశ్చయముతో చెప్పవచ్చునని తేల్చినది, 0.7 మిల్లీగ్రాముల వంటి తక్కువ మోతాదు విషయమున ఆధారములు చాలవని కూడ చెప్పినది. 2025 జనవరిలో 74 పరిశీలనలతో వేరొక సమీక్ష వెలువడినది. ఇందు 64 పరిశీలనలు ఒకే సమయమున రెండు గుంపులను పోల్చినట్టివి. 52 పరిశీలనలలో పక్షపాతమునకు ఎక్కువ అవకాశమున్నదని సమీక్షకులే వ్రాసినారు.

1.5 మిల్లీగ్రాములు అను గీత చౌటుప్పల్ ప్రాంతమునకు పరాయిది కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించిన హద్దు అదియే. ఇచ్చటి పాత బోర్లు ఎన్నో దానిని దాటినవి. కనుక ఈ విషయము అమెరికా పత్రికలవారి వాదము మాత్రమే కాదు. అయినను అంకెలను ఉన్నవి ఉన్నట్లు చదువగల నేర్పు ముందు రావలెను. ఫ్లోరైడు ఎక్కువగల ఊరు తరచుగా బీదఊరు, నీటికొరకు పిల్లలు బడి మానిన ఊరు, ఉప్పులో అయోడిను లోపించిన ఊరు కూడ కావచ్చును. అయోడిను లోపమువలన బుద్ధి మందగించుట నిశ్చయముగా తెలిసినదే. ఏ కారణము ఎంత అని విడదీయకుండ ఊరికి ఊరిని పోల్చుట తూకపురాళ్లు లేని త్రాసు.

కొలత సంగతి మరింత చిక్కు. 1938లో రేవన్ తయారుచేసిన బొమ్మల పరీక్షలో మాటలు లేవు గనుక అది అన్ని దేశములకు సరిపోవునను భావము వ్యాపించినది. కాని గళ్లు, వరుసలు, నమూనాలు పుస్తకములలో చూచి అలవాటుపడిన పిల్లవానికిని, చూడనివానికిని అది ఒకే పరీక్ష కాదు. మాటల పరీక్ష అయినచో చెప్పనక్కరలేదు. బంగాళాదుంప ఏమి జాతి అని అడిగినప్పుడు, ఇంటిలో ఆలుగడ్డ అను పిల్లవాడు తడబడినచో కొలిచినది అతని తెలివి కాదు, అతని జిల్లా. ఈ చిక్కు నెరిగియే సి. ఎం. భాటియా భారతీయ పరిస్థితులకు తగిన పని పరీక్షలను ఉత్తర భారతమున రూపొందించి 1955లో గ్రంథముగా ప్రకటించినారు. సిద్దీఖీ వ్యాసము వెలువడినదియు ఆ సంవత్సరముననే. నీటిని గూర్చిన ఆ కాగితము, తెలివిని గూర్చిన ఆ పుస్తకము ఒకే విద్యార్థి బల్లమీదికి వచ్చు ఏర్పాటు నేటి పాఠ్యక్రమములో కూడ లేదు.

సగటు అంకెను సరిగా చదువనిచో జరుగు అన్యాయము పాఠశాలలోనే జరుగును. 0.45 విచలనము తేడా నిజమే అనుకొందము. అప్పుడు కూడ, మార్కులు సాధారణ వితరణములో ఉన్నచో, ఫ్లోరైడు ఊరి పిల్లలు నూటికి 32 లేక 33 మంది మంచినీటి ఊరి సగటుకంటె పైననే ఉందురు. ఊరి పేరు చూచి పిల్లవానిని మందబుద్ధి యని వెనుక బెంచీకి పంపుటకు శాస్త్రములో ఆధారము లేదు. కాని వేలమంది పిల్లలున్న ప్రాంతమునకు సగటు 7 అంకెలు దిగుట చిన్న నష్టము కాదు. ప్రభుత్వము నీరు మార్చవలసిన కారణములలో అదియు ఒకటి. ఒకే అంక, వ్యక్తి విషయమున దాదాపు ఏమియు చెప్పదు, సమాజము విషయమున చాలా చెప్పును. ఈ తేడాను గణితపు తరగతిలో వితరణ వక్రముతోను, ఉపాధ్యాయ శిక్షణలో ప్రజ్ఞాలబ్ధి పాఠముతోను కలిపి చెప్పువారు అరుదు.

ఇట్టి చదువు మన రాష్ట్రములో ఎక్కడను లేదనుట తగదు. హైదరాబాదు విశ్వవిద్యాలయములో నాడీ–సంజ్ఞాన శాస్త్రముల కేంద్రమున్నది. గచ్చిబౌలిలోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థలో సంజ్ఞానశాస్త్ర ప్రయోగశాల ఉన్నది. అచట కంప్యూటరు శాస్త్రముతో మానవశాస్త్రములను జోడించి పట్టభద్ర స్థాయినుండియే చదువవచ్చును. చౌటుప్పల్‌కు ఈ రెండును బస్సు ప్రయాణపు దూరముననే ఉన్నవి. అయినను మొదటిదానికి పట్టభద్రుడై పోవలెను. రెండవదానికి గణితపు గ్రూపులో చేరి కఠినమైన ప్రవేశపరీక్ష దాటవలెను. జీవశాస్త్రపు గ్రూపులో మెదడును చదివినవానికి రెండవ ద్వారము దాదాపు మూసినట్లే. గణితపు గ్రూపువాడు మెదడు పాఠమును చదువనేలేదు. 15 ఏండ్ల వయస్సున బైపీసీయో ఎంపీసీయో అని గీచిన గీత ఈ ఒక్క శాస్త్రము నడినెత్తిమీదుగా పోవుచున్నది.

ఆ కొత్త చదువులను కూడ కన్నులు మూసుకొని మెచ్చుకొనరాదు. సంజ్ఞానశాస్త్రపు ప్రయోగములలో పాల్గొన్నవారు అధికముగా పాశ్చాత్య విశ్వవిద్యాలయముల విద్యార్థులే యని ఆ రంగములోనివారే 2010లో విమర్శించుకొనినారు. రంగురంగుల మెదడు పటములను చూపి నిర్ణయములు చేయు తొందరయు అందు లేకపోలేదు. పట్టా పుచ్చుకొన్నవానికి ఉద్యోగమేది అని అడుగు తండ్రి ప్రశ్నకు బి.టెక్. వలె సూటియైన జవాబు లేదు. వైద్య ప్రవేశపరీక్షలో అడుగని పేరాను తరగతిలో చెప్పుటకు అధ్యాపకునకు వ్యవధి లేదనుటయు నిజమే. కాని అద్దములో నక్షత్రము దిద్దుటకు అరగంట, స్కేలుకు అరగంట. ఏడాదిలో ఒక్క గంట.

మిగిలినది చౌటుప్పల్‌లో మాత్రమే చేయదగిన పని. 2015 తరువాత ఊరూరికి నదీజలము వచ్చుటతో, ఒకే ఇంటిలో బోరునీరు త్రాగి పెరిగిన అన్న, కృష్ణనీరు త్రాగి పెరుగుచున్న తమ్ముడు ఉన్నారు. ఊరికి ఊరిని పోల్చుటకంటె ఇది మేలైన పోలిక. తల్లిదండ్రులు, భాష, పేదరికము చాలావరకు ఒక్కటే. చిక్కులు లేకపోలేదు. అన్న చదివిన రోజులకు, తమ్ముని రోజులకు నడుమ చేతిఫోను వచ్చినది, 2020–21లో బడులు మూతబడినవి. వారిద్దరిని ఒకే వయస్సున పరీక్షింపవలెనన్నచో సంవత్సరములు వేచియుండవలెను. కొన్ని ఇండ్లలో నల్లా ఉన్నను పాత బోరునీరే వాడుచుందురు. ఈ చిక్కులన్నింటిని లెక్కలోనికి తీసికొని ప్రయోగమును రూపొందించుట పట్టభద్ర విద్యార్థులకు చక్కని రెండేండ్ల పని. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము 2007 నుండి ఉన్నది. నీటిలో ఫ్లోరైడును కొలుచు పద్ధతి రసాయనశాస్త్ర విభాగములకు క్రొత్త కాదు. పిల్లల పుట్టిన సంవత్సరము బడి రిజిస్టరులో ఉన్నది. నల్లా వచ్చిన సంవత్సరము ఇంటివారికి గుర్తున్నది.